41 దగ్గర ఆపేయాలా, 42 తెరవాలా?

మా పిన్ని కొడుకు గదిలో ఒక అర నిండా బెర్సర్క్ వాల్యూములు వరసగా 41 ఉన్నాయి. 42వది బయటికొచ్చినా కొనలేదు, కొననంటాడు. "అన్నా, గీసినాయన పోయాడు, కథ అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత వచ్చేది నాకు లెక్క కాదు" అని వాడి వాదన. నేను 42 కొన్నాను, రెండుసార్లు చదివాను. పండక్కి కలిసినప్పుడల్లా గారెలు చల్లారిపోయేదాకా మా ఇద్దరికీ ఇదే గొడవ. "ఆ జపాను బొమ్మల గోల ఆపి ముందు తినండిరా" అని పిన్ని కసురుతూనే ఉంటుంది.

బెర్సర్క్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కెంతారో మియురా 1989లో మొదలుపెట్టిన మాంగా, అంటే జపాను బొమ్మల కథ, ఇది. మధ్యయుగపు యూరప్‌ను పోలిన లోకం, దయ్యాలు, దేవుళ్ళ వేషంలో రాక్షసులు. ఇనుప దూలం లాంటి కత్తి భుజాన వేసుకు తిరిగే గట్స్ కథానాయకుడు. ఒకప్పుడు అతనికి ప్రాణస్నేహితుడై, పెద్ద పదవి కోసం తనను నమ్ముకున్న సైన్యాన్నంతా బలిచ్చేసినవాడు గ్రిఫిత్. ఆ రాత్రి జరిగిన ఘోరానికి మతి చెదిరిపోయిన అమ్మాయి కాస్కా. ఇది పిల్లలకిచ్చే పుస్తకం కాదు. ఇందులో లైంగిక హింసను చూపించిన తీరును పెద్దవాళ్ళే కొందరు తట్టుకోలేక మధ్యలో పక్కన పెట్టేశారు. ఇక్కడి నుంచి కథలో గుట్టు విప్పేస్తున్నాను, ఇంకా చదవనివాళ్ళు ఇక్కడే ఆగండి.

2021 మే 6న మియురా చనిపోయాడు. 54 ఏళ్ళు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం గోడ చీలిపోయిందని చెప్పారు. ఆయన వదిలివెళ్ళిన చివరి అధ్యాయం, 364వది, ఆ సెప్టెంబరులో యంగ్ ఆనిమల్ పత్రికలో వచ్చింది. డిసెంబరులో 41వ వాల్యూమ్ అచ్చయింది. ఆ తర్వాత 2022 జూన్‌లో, ఆయన హైస్కూలు నాటి స్నేహితుడు, తనూ మాంగా కళాకారుడే అయిన కౌజి మోరి పర్యవేక్షణలో, మియురా దగ్గర పనిచేసిన శిష్యుల బృందం స్టూడియో గాగా కథను మళ్ళీ అందుకుంది. వాళ్ళు గీసిన మొదటి వాల్యూమే 42. అది జపాన్‌లో 2023 సెప్టెంబరులో వచ్చింది. పాఠకులు రెండుగా చీలిపోయింది అక్కడే.

ముందు మా తమ్ముడి పక్షం. వాడు చెప్పేదాంట్లో బలం లేదని అనను. 41 చివరి అధ్యాయం తీసి చూడండి. పున్నమి రాత్రుల్లో మాత్రమే కనిపించే ఒక చిన్న పిల్లాడు, మాటలు రాని పిల్లాడు, ఎల్ఫులనే మాయాజీవుల దీవిలో గట్స్ దగ్గరా కాస్కా దగ్గరా తిరుగుతాడు. అంతకు ముందే, 40లో, కాస్కాకు మతి తిరిగొచ్చింది. కానీ గట్స్ ముఖం చూస్తే చాలు ఆ పాత రాత్రి గుర్తొచ్చి కెవ్వుమంటుంది. అలాంటి ఇద్దరి మధ్యన ఈ పిల్లాడు. ఆ కాసేపూ ముగ్గురూ ఒక ఇల్లులా అనిపిస్తారు. తెల్లారుతుంటే పిల్లాడు ఒంటరిగా పక్కకి వెళ్ళి మారిపోతాడు. అక్కడ నిలబడింది గ్రిఫిత్. వాడి కళ్ళలో నీళ్ళు. పిల్లాడి కన్నీళ్ళు పెద్దవాడి ముఖం మీద మిగిలిపోయాయి.

అంతే, అయిపోయింది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక్క మనిషి గీసుకుంటూ వచ్చిన కథ ఆ కన్నీటి దగ్గర ఆగింది. ఇది ముగింపు కాదు, ఏ ప్రశ్నకూ జవాబు లేదు. అయినా చివరి పేజీగా నిలబడుతుంది. దీని తర్వాత ఇంకొకరి గీత వద్దు అనిపించడం సహజమే. "సగంలో ఆగిన పాట వేరు, వేరేవాళ్ళ గొంతుతో పూర్తయిన పాట వేరు" అంటాడు మా వాడు. వాడు ఇంత బాగా మాట్లాడేది ఈ ఒక్క విషయంలోనే.

ఇక 42. మొదటి ఫిర్యాదు అందరిదీ ఒకటే: పరుగు. గ్రిఫిత్ ఎదురుగా కనబడగానే గట్స్ కత్తి ఎత్తుతాడు. కొడతాడు, మళ్ళీ కొడతాడు. రాక్షసుల్ని రెండుగా చీల్చిన ఆ కత్తి గ్రిఫిత్ ఒంటికి తగలదు. గ్రిఫిత్ కాస్కాను తీసుకుని వెళ్ళిపోతాడు. దీవి కూలిపోతుంది, మిగిలినవాళ్ళు ఓడెక్కి బయటపడతారు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన ఎదురుపడటం, కాస్కాను పోగొట్టుకోవడం, ఒక లోకం లోకమే మునిగిపోవడం, అన్నీ ఒక్క వాల్యూములో. మియురా అయితే ఇందులో ఒక్క ముక్కకే ఒక వాల్యూమ్ తీసుకునేవాడు. ఇదే మనిషి వాళ్ళందర్నీ ఓడెక్కించి ఏళ్ళ తరబడి దించకపోతే, "ఇంకా ఓడలోనే ఉన్నారా?" అని లోకమంతా పాఠకులు జోకులు వేసుకున్నారు. అప్పుడు నత్తనడక అని తిట్టినవాళ్ళే ఇప్పుడు గుర్రప్పరుగు అంటున్నారని నవ్వొస్తుంది కానీ, రెండు ఫిర్యాదులూ నిజమే.

రెండో ఫిర్యాదు ఇంకాస్త లోతైనది. 42లో మనుషులు మాట్లాడరు. మాట్లాడినా అవసరానికి రెండు ముక్కలు. మియురా పుస్తకంలో ఒక దెబ్బ పడ్డాక ఆ దెబ్బ ఎవరెవరికి ఎలా తగిలిందో చూపిస్తాడు. గట్స్ వెంట నడిచేవాళ్ళలో చిన్న మంత్రగత్తె షిర్కె లోపల ఏమనుకుంది, సెర్పికో ఏం గమనించాడు, ఇసిడ్రో కుర్రతనం ఎంత వణికింది, ఇవన్నీ ఉంటాయి. మధ్యలో పక్ అనే బుల్లి ఎల్ఫు విడ్డూరమైన వేషాలు వేసి నవ్విస్తాడు. ఆ నవ్వు వల్లే తర్వాతి చీకటి ఇంకా చిక్కగా అనిపించేది. 42లో ఆ నవ్వు బాగా తగ్గింది. జరగాల్సినవి జరుగుతున్నాయి, జరిగినవాటి బరువు మాత్రం మనుషుల మీద పడ్డట్టు కనిపించదు. మొదటిసారి చదివినప్పుడు అన్నం పెట్టి కూర వడ్డించడం మర్చిపోయినట్టే ఉంది నాకు.

బొమ్మల సంగతి వేరు. శిష్యులు చేతులు దించలేదు. కూలుతున్న దీవి, సముద్రం, కవచం మీద సన్నగీతలు చూస్తే గురువుగారి పక్కన కూర్చుని నేర్చుకున్న చేతులని తెలుస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే ముఖాల్లో తేడా పడుతుంది. కోపం, ఏడుపు లాంటి పెద్ద భావాలు బాగానే కుదిరాయి. రెండు భావాలు ఒకేసారి ఉండాల్సిన చోట, ఉదాహరణకు గ్రిఫిత్ ముఖం మీద, గీత కాస్త బిగుసుకుపోయింది. చాలామంది పాఠకులు బొమ్మలకు మంచి మార్కులే వేశారు, నేనూ వేస్తాను.

మరి ఇన్ని లోపాలు చెప్పి 42ను ఎందుకు వెనకేసుకొస్తున్నావని తమ్ముడి ప్రశ్న. నా జవాబు అట్ట మీదే ఉంది. అక్కడ ముగ్గురి పేర్లు వేశారు: మూలకథ మియురా, మాంగా స్టూడియో గాగా, పర్యవేక్షణ మోరి. ఎవరి వాటా ఎంతో దాచలేదు. మొదలుపెట్టేముందు మోరి ఒక మాట రాశాడు. దాదాపు 30 ఏళ్ళ క్రితం మియురా తనను పిలిచి బెర్సర్క్ మొత్తం చివరిదాకా చెప్పాడట. అందుకని మియురా తనతో చెప్పిన ఘట్టాలే రాస్తానన్నాడు. సొంతంగా కండ పట్టించనని, స్పష్టంగా గుర్తులేనిది రాయనని, ఇది పూర్ణంగా ఉండదని ముందే ఒప్పుకున్నాడు. ఆ మాట చదివాక 42 మళ్ళీ తెరిస్తే పాత్రల మౌనం నాకు వేరేగా వినిపించింది. షిర్కె ఏమనుకుందో మియురా స్నేహితుడికి చెప్పి ఉండడు. చెప్పనిది మోరి రాయలేదు. పరుగు కూడా అంతే. ఎదురుగా కూర్చుని కథ చెప్పేవాడు ఘట్టాలు చెబుతాడు గానీ, ఏ పేజీలో ఎన్ని గళ్ళు ఉంటాయో చెప్పడు కదా.

ఇక్కడ నాకు అరణ్యపర్వం గుర్తొస్తుంది. శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర నన్నయ పద్యం ఆగిపోయింది. తిక్కన ఆ పర్వం జోలికి పోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. నన్నయ తర్వాత దాదాపు 300 ఏళ్ళకి ఎర్రన ఆ మధ్య ఖాళీ పూరించాడు. మొదట నన్నయలా నడిచి, మెల్లగా తిక్కన వైపు జరిగాడు. అంకితం కూడా నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడికి ఇచ్చాడు. అతుకు కనిపించదని మన పండితులు మెచ్చుకుంటారు. ఈ కథ ఎత్తగానే తమ్ముడు "చూశావా, ఎర్రన అతుకు కనబడనివ్వలేదు, వీళ్ళకి చేతకాలేదు" అన్నాడు. కానీ ఎర్రన ముందు వ్యాసుడి సంస్కృత మూలం ఉంది. ఏం జరుగుతుందో అక్కడ రాసే ఉంది, ఎలా చెప్పాలన్నదే ఆయన చూసుకోవాలి. మోరి దగ్గర 'ఏం' ఉంది, అదీ తన జ్ఞాపకంలో. 'ఎలా' అన్నది శిష్యుల చేతుల్లో ఉంది. రెండూ ఒకే తలలో ఉన్న మనిషి లేడు. ఇంకో తేడా కూడా ఉంది. ఎర్రన నన్నయను చూడలేదు, మోరి అయితే స్నేహితుణ్ణి పోగొట్టుకున్న ఏడాదికే ఈ పని నెత్తికెత్తుకున్నాడు. మియురా గొంతు అనుకరించి అతుకు కనిపించకుండా చేసి ఉంటే నాకు ఇంకా ఇబ్బందిగా ఉండేది. ఏది ఆయనదో ఏది కాదో మనకి తెలిసేదే కాదు.

మూడో దారి చెప్పేవాళ్ళూ ఉన్నారు: అంతా అయిపోనీ, ఒకేసారి చదువుదాం. ఈ కథ విషయంలో అది అంత తెలివైన పని కాదని నా ఉద్దేశం. మియురా బతికుండగానే 37వ వాల్యూమ్ 2013లో వస్తే 38 వచ్చింది 2016లో. 40 వచ్చింది 2018లో, 41 వచ్చేసరికి 2021. ఆ లెక్కన 41కీ 42కీ మధ్య రెండేళ్ళు లోపే, పాత అలవాటు కంటే నయం. అయినా చివరిదాకా ఆగుతానంటే పిల్లల పెళ్ళిళ్ళు కూడా అయిపోతాయి.

కాబట్టి నన్నడిగితే 42 చదవండి, కానీ 41 మూసిన రోజే వద్దు. నేను మొదటిసారి ఆ తప్పే చేశాను. రాత్రి 41 ముగించి, తెల్లారేసరికి 42 పట్టుకున్నాను, అన్నీ లోపాలే కనబడ్డాయి. కొన్ని నెలలు పోయాక, ఈసారి మోరి మాట ముందు చదువుకుని కూర్చుంటే, పోయినవాడి సంగతి వాడి స్నేహితుడు మన ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టుంది. గీత కోసం, ఒక్కో పేజీ మీద అరగంట ఆగడం కోసం బెర్సర్క్ చదివేవాళ్ళకి మాత్రం మా తమ్ముడి మాటే మేలు. వాళ్ళు 41 దగ్గర ఆగి మళ్ళీ మొదటి వాల్యూమ్ తీసుకుంటే నష్టమేం లేదు. గట్స్ చివరికి ఏమవుతాడో తెలియక నిద్రపట్టని నాలాంటివాళ్ళకి వేరే దారి లేదు.

మొన్న సంక్రాంతికి నా 42 పట్టుకెళ్ళి, మొదటి రెండు అధ్యాయాలు చదివి ఇచ్చెయ్యమన్నాను. వద్దు వద్దంటూనే మంచం మీద బోర్లా పడుకుని చదివాడు. రెండు దగ్గర ఆగలేదు. అరగంటకి తలెత్తి, "కత్తి వాడికి ఎందుకు తగలట్లేదన్నా? పిల్లాడు లోపల ఉన్నాడనా, ఇంకేదైనా ఉందా?" అన్నాడు. నాకు తెలీదన్నాను. "కొనడం మాత్రం కొనను" అని పుస్తకం నా ఒళ్ళో పడేసి, మళ్ళీ ఆ పేజీ ఎక్కడుందో చూపించమన్నాడు.