నీళ్ల తుపాకీ: బొమ్మ గట్టిదే, రింగే నాసిరకం

ఒంగోలు ట్రంకు రోడ్డులో మా చిన్నోడికి 280 రూపాయలు పెట్టి పంపు కొట్టే నీళ్ల తుపాకీ కొన్నాను. మూడో రోజుకే నీళ్లు ముందుకు రాకుండా పిడి దగ్గర కారడం మొదలైంది. వాడు ఒకటే ఏడుపు. కొన్నచోట అడిగితే బొమ్మలకు గ్యారంటీ లేదన్నారు.

ఆరు స్క్రూలు విప్పి చూశాను. పిస్టన్ చివర గాడిలో ఉండే రబ్బరు రింగు తెగిపోయింది. పిడి లాగితే ట్యాంకులోని నీళ్లు లోపలికి రావాలి, నెడితే మూతిలోంచి పోవాలి. రింగు బిగువుగా లేకపోతే పక్కనుంచి వెనక్కి వచ్చేస్తాయి. ప్లంబింగ్ షాపులో పిస్టన్ చేతికిచ్చి దగ్గర సైజు రింగు వెతికించాను, 5 రూపాయలు. కాస్త వదులుగా ఉంటే, రింగు కింద గాడిలో కుళాయిలకు వాడే తెల్ల టేపు రెండు చుట్లు వేశాను. నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వులో స్ప్రింగు కూడా తుప్పుపట్టింది. పాత బాల్‌పెన్ను స్ప్రింగు పెడితే పొడవెక్కువై వాల్వు తెరుచుకోలేదు. రెండు మెలికలు కత్తిరించాక సరిపోయింది.

ఇప్పుడు మేడమీంచి కొడితే ఎదురింటి వేపచెట్టు తడుస్తోంది! ప్లాస్టిక్ మందంగా ఉంది, ట్యాంకు అతుకు ఎక్కడా కారలేదు. అంత మంచి బొమ్మలో అలాంటి రింగు పెట్టడం నాకు నిజంగా బాధేసింది. 5కి 3 ఇస్తాను. కొనేవాళ్లు స్క్రూలున్నదే తీసుకోండి, అతికించేసినదైతే విప్పడం కుదరదు.