ఏడాది వాడిన ఖర్చుల పుస్తకం: ఖర్చు దగ్గర భేష్, జమ దగ్గరే చిక్కు

పోయిన ఏడాది ఫోన్‌లోని ఖర్చుల యాప్ తీసేసి ఈ పుస్తకం తెప్పించుకున్నాను. నా ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి డబ్బు మార్చుకుంటే ఆ యాప్ దాన్ని ఓ పక్క ఖర్చుగా, మరో పక్క ఆదాయంగా రాసుకునేది. నెలాఖరున చూస్తే నేనేదో బాగా సంపాదించి, బాగా తగలేసినట్టు కనిపించేది. కాకిలెక్కలు! పైగా ఉచిత గడువు అయిపోగానే ఏడాది చందా దానంతటదే లాగేసుకుంది. ఆ నెల నా అనవసర ఖర్చుల్లో అదే పెద్దది.

ఈ పుస్తకంలో తేదీలు అచ్చువేయలేదు కాబట్టి ఏ నెల నుంచైనా మొదలుపెట్టొచ్చు. పద్ధతి పేరు కకేబో. జపాన్ మాట, ఇంటి లెక్కల పుస్తకం అని అర్థం. మొటోకో హానీ అనే పాత్రికేయురాలు 1904లో అక్కడి గృహిణుల కోసం తెచ్చిన పద్దుల పుస్తకంతో ఇది మొదలైంది. నెల మొదట్లో నాలుగు ప్రశ్నలుంటాయి: చేతికి ఎంత వస్తోంది, ఎంత మిగలాలి, ఎంత ఖర్చవుతోంది, ఎక్కడ సర్దుకోవచ్చు. ఆ తర్వాత ఖర్చులకి నాలుగు గడులు: అవసరాలు, సరదాలు, చదువూ కళలూ, అనుకోనివి.

రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలకీ బద్ధకమే అనుకోండి, కానీ ఆ బద్ధకమే నాకు కలిసొచ్చింది. ఏదో కొనబోతూ ‘మళ్లీ ఇదొకటి రాయాలా’ అనిపించి వదిలేసిన రోజులు చాలానే ఉన్నాయి.

వెనక అట్ట లోపల అచ్చువేసిన 50-30-20 సూత్రం మీద మాత్రం నాకు కోపమే. పన్ను పోగా చేతికొచ్చిన దాంట్లో నూటికి 50 వంతులు అవసరాలకి, 30 కోరికలకి, 20 పొదుపుకీ అప్పులు తీర్చడానికీ. అమెరికాలో అప్పట్లో లా ప్రొఫెసర్‌గా ఉన్న ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు 2005లో ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. నా జీతం 100 అనుకుంటే అద్దె, సరుకులు, రానుపోను ఛార్జీలు, కరెంటు, ఫోన్ కలిపి 71 అవుతున్నాయి. మొదటి మూడు నెలలూ ఆ పేజీ చూసినప్పుడల్లా తప్పు చేసినవాడిలా అనిపించింది. చిన్న జీతంలో అవసరాలే ముందు తినేస్తాయి, అందులో నా తప్పేముంది?

ఏడాదికోసారి వచ్చే ఖర్చులకి దీంట్లో చోటే లేదు. ఇన్సూరెన్సు, ఫీజులు, రిపేర్లు అన్నీ ‘అనుకోనివి’ గడిలో పడతాయి. ప్రతి ఏడాదీ వచ్చేవి అనుకోనివి ఎలా అవుతాయి? నేనే ఓ ఖాళీ పేజీలో అన్నీ కూడితే, నెల జీతం 100 అనుకున్న అదే లెక్కన ఏడాదికి 84 తేలింది. దాన్ని 12తో భాగించి నెలకి 7 చొప్పున జీతం పడ్డ రోజే పక్కన పెట్టేస్తున్నా. నాకు టెన్షన్ తగ్గింది ఈ ఒక్క పనితోనే.

అసలు చిక్కు పై సంపాదన దగ్గర వచ్చింది. ఆఫీసు నుంచి వచ్చాక ప్రూఫులు, అంటే అచ్చుకి వెళ్లే పుస్తకాల్లో తప్పులు, దిద్దుతాను, పేజీకి ఇంత అని ఇస్తారు. ఈ పుస్తకంలో జీతం కింద ‘ఇతర ఆదాయం’ అని ఒక్క గీత ఉంది, అంతే! ఎప్పుడో చేసిన పనికి 45 రోజుల తర్వాత డబ్బొస్తే దాన్ని ఏ నెలలో రాయాలి? మొదట్లో రాబోయేదాన్ని కూడా జమలో వేసుకుని, ఖర్చు పెట్టేసి, నెల చివర్లో చేబదులు తెచ్చుకున్నాను. ఇప్పుడు ఈ నెల చేతికొచ్చిన పై డబ్బు వచ్చే నెలలోనే ముట్టుకుంటాను.

ఆ గీత పక్కన మార్జిన్‌లో గంటలు కూడా రాయడం మొదలుపెట్టాను. గంటకి 4 పేజీలు దిద్దుతానని నా నమ్మకం. ఓ నెల 120 పేజీలు వచ్చాయి, అంటే 30 గంటలు కావాలి. రెండో ప్రూఫు, తెచ్చివ్వడం, ఫోన్లలో బతిమాలడం అన్నీ కలిపితే 50 గంటలు తేలాయి! నేననుకున్న గంట కూలిలో 60 శాతమే నాకు దక్కుతోందన్నమాట. ఎక్కువ గంటలు తింటున్నది ఒకే ఒక్కరి పని, ఒక్కో పుస్తకాన్ని మూడేసి సార్లు తిరగదిద్దించేవారు. ఆ పని మానేశాను. పై డబ్బు కొంచెం తగ్గింది, ఆదివారాలు తిరిగొచ్చాయి.

మిగతా లోపాలు చిన్నవే. బైండింగు గట్టిది కాబట్టి పుస్తకం పరిచినట్టు తెరుచుకోదు, ఎడమ పేజీ లోపలి గడిలో రాయడం నరకం. ఇంకు పెన్నుతో రాస్తే అవతలి వైపుకి దిగుతుంది. పెన్సిలే మంచిది, ఎలాగూ కొట్టివేతలు తప్పవు.

జీతం ఒక్కటే ఆధారమైనవాళ్లకి ఐదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తాను. అక్కడో కొంత, ఇక్కడో కొంత సంపాదించేవాళ్లకి రెండున్నరే.

అయినా రెండో పుస్తకం తెప్పించాను. రాగానే వెనక అట్టలోని ఆ సూత్రం మీద తెల్లకాగితం అంటించి మూడు గడులు గీశాను: ఎన్ని పేజీలు, ఎన్ని గంటలు, డబ్బు ఏ తేదీన చేతికొచ్చింది.