ఆరేళ్లుగా వాడుతున్న లీజు పోలిక షీటు: ఆ పసుపు గడితోనే నా పేచీ

మా ఆఫీసుకి మొదటిసారి చోటు వెతుకుతున్నప్పుడు బ్రోకరు ఒక ఎక్సెల్ షీటు పంపాడు. వచ్చిన ప్రపోజల్స్ అన్నీ పక్కపక్కన పెడితే, 60 నెలల లెక్క నెలనెలా వేసి, చివర ఒక పసుపు గడిలో ఒకే ఒక్క అంకె చూపిస్తుంది. వాడుకోగలిగిన ఒక్కో చదరపు అడుగుకి ఏడాదికి నికరంగా ఎంత పడుతుందన్నది ఆ అంకె. ఆ ఆఫీసుకి, తర్వాత ఒక చిన్న బ్రాంచికి, మొన్న లీజు పొడిగింపుకి ఇదే వాడాను. డిపాజిట్, లాకిన్ (మధ్యలో ఖాళీ చెయ్యకూడని గడువు), ఏటా పెరిగే శాతం ఎవరికైనా తెలిసినవే, వాటి జోలికి పోను.

ఆ పసుపు గడి మీద నాకు నమ్మకం ఊరికే కుదరలేదు. ఒక ప్రపోజల్లో లోడింగ్ (అద్దె కడతాం గానీ మన గదుల్లోకి రాని చోటు) 25 శాతం అని, ఇంకోదాంట్లో 20 శాతం అని ఉంది. రెండోది నయమనుకుని దాదాపు అటే మొగ్గాను. షీటు మాత్రం శాతాలు అడగదు. అద్దె కట్టే విస్తీర్ణం ఎంత, కార్పెట్ ఏరియా, అంటే లోపల వాడుకోగలిగిన చోటు, ఎంత అని రెండే అడుగుతుంది. వేసి చూస్తే రెండు చోట్లా 1000కి 800 అడుగులే చేతికొస్తున్నాయి. మిగతా 200ని ఒకరు 800 మీద లెక్కగట్టి 25 అన్నారు, ఇంకొకరు 1000 మీద లెక్కగట్టి 20 అన్నారు. ఇద్దరిదీ అబద్ధం కాదు. అలాగే ఇద్దరూ ఆరు నెలలు అద్దె వద్దన్నారు. ఒకరు ఆ ఆరు నెలల్ని 60లోనే కలిపారు, మరొకరు లీజునే 66 నెలలు చేశారు. మొదటిది 10 శాతం తగ్గింపు, రెండోది 9 చిల్లర. అద్దె లేని నెలల్లో కూడా మెయింటెనెన్స్ కట్టాలన్న సంగతి కూడా షీటే పట్టుకుంది. ఇంక దాని మాటే వేదం అయిపోయింది నాకు.

చివరికి మిగిలిన రెండిట్లో ఒకటి పాత బిల్డింగు, నిండా అద్దెకున్నవాళ్లే. ఇంకోటి కొత్తది, అప్పటికి సగం కూడా నిండలేదు. పసుపు గడి కొత్తదాన్నే చూపించింది. దాన్నే తీసుకున్నాం. దాని ప్రపోజల్లో ఒక చిన్న వాక్యం ఉంది: లీజు మొదలైన క్యాలెండర్ సంవత్సరమే బేస్ ఇయర్. అంటే ఆ ఏడాది బిల్డింగు నడపడానికి అయిన ఖర్చు అద్దెలో కలిసినట్టే, ఆ తర్వాత ఎంత పెరిగితే అందులో మన వాటా మనం కట్టాలి. షీటులో దీనికి ‘ఖర్చుల పెరుగుదల, ఏటా 3 శాతం’ అని ముందే నింపిన ఒక వరస ఉంది. దాన్ని అలాగే వదిలేశాను.

మేం దిగింది సెప్టెంబరులో. నాలుగు నెలలు తిరిగేసరికి జనవరి వచ్చింది, బేస్ ఇయర్ ముగిసిపోయింది. మూడో ఏడు లెక్కలు తేల్చి పంపిన బిల్లు చూసి తప్పుగా వచ్చిందేమో అనుకున్నాను. 3 శాతం ఎక్కడా లేదు, కొన్ని పద్దులు రెట్టింపు దాటాయి. రెండు రోజులు టెన్షన్ పడి, పద్దు పద్దూ విప్పి చూస్తే గానీ బోధపడలేదు. బిల్డింగు నిండితే క్లీనింగుకి ఏడాదికి 100 అవుతుందనుకోండి. మేం చేరిన ఏడు 40 శాతమే నిండింది కాబట్టి 40 అయింది. బిల్డింగులో మా వాటా 5 శాతం, అంటే 2. మూడో ఏటికి 90 శాతం నిండింది, ఖర్చు 90, మా వాటా 4.5. తేడా 2.5 మా నెత్తిన. క్లీనింగు రేటు పెరగలేదు, మా గదుల్లో అదనంగా ఒక్క మూల కూడా ఊడవలేదు. పక్కవాళ్లు దిగినందుకు మేం కట్టాం.

దీనికి విరుగుడు గ్రాస్-అప్. బేస్ ఇయర్‌లోనూ, తర్వాతి ఏళ్లలోనూ బిల్డింగు, ఉదాహరణకి, 95 శాతం నిండినట్టే లెక్కగట్టాలని రాయించుకోవడం. అప్పుడు రెండు వైపులా 4.75, తేడా సున్నా. జనాన్ని బట్టి మారే క్లీనింగు, కరెంటు, చెత్త లాంటివాటికే ఇది వర్తిస్తుంది, ఇన్సూరెన్స్ లాంటివి ఎలాగూ మారవు. ఆ మాట మా ప్రపోజల్లో లేదు, నేను అడగలేదు, షీటులో దానికి గడే లేదు. యజమాని తరఫు మేనేజరుతో గట్టిగా మాట్లాడదామని వెళ్లాను గానీ, ఆయన కాగితంలో ఉన్నదే చూపించాడు. ఏమనగలను.

అప్పట్నుంచి పైన పొగిడినవాటిని కూడా కాస్త అనుమానంగానే చూస్తున్నాను. కార్పెట్ ఏరియా వాళ్లు చెప్పిందే షీటుకి తెలుసు. కొలతలకి బోమా (అమెరికాలోని బిల్డింగు యజమానుల, మేనేజర్ల సంఘం) ప్రమాణం 1915 నుంచీ ఉంది, ఆఫీసులకి ఐపీఎంఎస్ అనే అంతర్జాతీయ కొలతల ప్రమాణం 2014లో వచ్చింది. రెండు బిల్డింగులు రెండు పద్ధతుల్లో కొలిస్తే పక్కపక్కన పెట్టినా అది పోలిక కాదు. బ్రాంచి తీసుకునేటప్పుడు టేపు పట్టుకుని నేనే కొలిచాను, స్తంభాలతో సహా. పైగా షీటు మొత్తాన్ని సగటు చేస్తుంది తప్ప ఇవాళ మిగిలే డబ్బుకీ నాలుగేళ్ల తర్వాత మిగిలే డబ్బుకీ తేడా చూడదు.

అయినా పారెయ్యలేదు. పసుపు గడి పైన రెండు వరసలు చేర్చుకున్నాను: ఇవాళ బిల్డింగు ఎంత నిండి ఉంది, గ్రాస్-అప్ ఎంత. ఆ 3 చెరిపేసి, నిండిన బిల్డింగుకి ఒక అంకె, నిండనిదానికి ఇంకో అంకె వేస్తున్నాను. మీరు చూస్తున్నది నిండిన పాత బిల్డింగైతే, లేదా ఖర్చులన్నీ విడిగా మొదటి రోజు నుంచీ మీరే కట్టే ట్రిపుల్ నెట్ లీజైతే ఈ గొడవ ఇదే రూపంలో రాదు, షీటు ఉన్నదున్నట్టు సరిపోవచ్చు. నేను అకౌంటెంటుని కాను, మాది చిన్న ఆఫీసు, వంద సీట్లవాళ్లు లాయరుతో చదివించుకుంటారు కాబట్టి వాళ్లకి నా మాట అక్కర్లేదు.

మొన్న పొడిగింపప్పుడు బేస్ ఇయర్‌ని కొత్త ఏడాదికి మార్చమన్నాను, వెంటనే ఒప్పుకున్నారు. గ్రాస్-అప్ 95 అడిగితే 90 దగ్గర ఆగారు. బిల్డింగు ఇప్పుడు ఎలాగూ 90 దాటే ఉంది, సరేనని సంతకం పెట్టాను.