అంచున నిలబడి అరిచే నాన్న, సీసా పట్టుకుని కూర్చునే అమ్మ

కూతురు ఆడుతుంటే మైదానం అంచున "పాస్ ఇవ్వు, పరిగెత్తు" అని గొంతు చించుకునే నాన్న ఒకరు. నీళ్ల సీసా పట్టుకుని కూర్చుని చూసే అమ్మ ఇంకొకరు. ఇద్దరిదీ ప్రేమే.

అరిచే నాన్న ఉన్న పిల్లకు కోచ్‌లు ఇద్దరవుతారు. బంతి వచ్చే అర సెకనులో ఎవరి మాట వినాలి? తప్పు చేస్తానేమోనన్న టెన్షన్‌తో కొత్త షాట్ ప్రయత్నించడమే మానేస్తుంది. ఇంటికెళ్లే దారి మరీ కష్టం, కారులో మ్యాచ్ మొత్తానికీ పోస్ట్‌మార్టం. టెన్నిస్ క్రీడాకారిణి మేరీ పియర్స్ తండ్రి జిమ్ ప్రవర్తన శ్రుతి మించడంతో 1993లో ఆయన్ను టోర్నమెంట్లకు రానివ్వకుండా నిషేధించారు. 1995లో ఆమె ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది.

టెన్నిస్ అక్కాచెల్లెళ్లు వీనస్, సెరెనా విలియమ్స్‌లకు ఆట నేర్పింది తండ్రి రిచర్డే కదా అంటారు. నిజమే. కానీ చిన్నప్పుడు వాళ్లను జూనియర్ టోర్నమెంట్లు మాన్పించి చదువు మీద దృష్టి పెట్టించిందీ ఆయనే.

రెండో పద్ధతిలోనూ లోటుంది. మరీ వదిలేస్తే పిల్ల మోకాలి నొప్పి కూడా చెప్పదు. నిద్ర, తిండి, గాయాలు పెద్దలు చూసుకోవాల్సినవే. అయినా నా ఓటు సీసా పట్టుకున్న అమ్మకే. ఓడిన రోజు ఆమె అడిగేది "ఆకలేస్తోందా?" అని.