చార్మినార్ నుంచి నయాపూల్ హెరిటేజ్ వాక్: దారి బంగారం, నడిపించిన తీరే బాలేదు

పోయిన ఆదివారం మా అక్కా నేనూ పాతబస్తీలో గైడ్‌తో హెరిటేజ్ వాక్‌కి వెళ్లాం, మనిషికి 500. ఎవరి వాక్ అన్నది చెప్పను గానీ, మమ్మల్ని ఆరున్నరకి చార్మినార్ దగ్గరికి రమ్మన్నవాళ్లు గైడ్‌ని ఏడుంబావుకి పంపారు. ఈలోపు నిమ్రా కేఫ్‌లో రెండు చాయ్‌లు, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు అయ్యాయి కాబట్టి పూర్తిగా నష్టపోయామని అనలేను.

మొత్తం ముప్పైమంది, మైకు లేదు. గైడ్ పక్కనున్న పదిమందికి వినిపించింది, మిగతా అందరం అన్నీ అర్థమైనట్టు తలలూపుకుంటూ నడిచాం. చార్మినార్ 1591, కులీ కుతుబ్ షా, ప్లేగు కథ... అక్కడే అరగంట అయిపోయింది, ఇవి తెలీని హైదరాబాదీ ఎవరండీ? నాలుగు కమాన్ల మధ్యలో ఉన్న గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ దగ్గర మాత్రం రెండు నిమిషాలు కూడా ఆగలేదు.

అసలు సరుకు మచ్లీ కమాన్ దాటాకే ఉంది. పత్తర్‌గట్టి! 1908 మూసీ వరద ఊరిని ఊడ్చేశాక, 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన బజారు ఇది. రోడ్డుకి రెండువైపులా వరసగా గ్రానైట్ కమాన్లు, కింద దుకాణాలు, పైన కాపురాలకని కట్టిన మేడలు. పెళ్లి బట్టలకీ ముత్యాలకీ ఇక్కడికి ఓ ఇరవైసార్లు వచ్చుంటాను, ఒక్కసారీ తలెత్తి పైకి చూడలేదు, అయినా పదకొండు దాటాక వస్తే బోర్డులూ, వేలాడేసిన బట్టలూ, జనం తోపులాటే తప్ప ఇంకేం కనిపిస్తాయి. ఆ పొద్దున షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. ఒక స్తంభం మీద చెయ్యి పెట్టి చూశాను. జనం భుజాలు ఆనించే ఎత్తు వరకు రాయి నూనె రాసినట్టు నల్లగా, నున్నగా ఉంది, ఆ పైన ఉలి దెబ్బలు ఇంకా వేళ్లకి గరుగ్గా తగులుతున్నాయి. అదే రాయికి డ్రిల్లు కొట్టి ఎవరో మహానుభావుడు ఏసీ పైపు దింపాడు. దీని గురించి గైడ్‌ని అడుగుదామంటే ఆయన అప్పటికే యాభై గజాల ముందున్నాడు.

మదీనా చౌరస్తా దగ్గర "టైమ్ అయిపోయింది" అని వదిలేశారు. వాక్ పేరులోనే నయాపూల్ ఉంది కదా బాబూ! చివరికి మేమే నడుచుకుంటూ వెళ్లాం. వంతెన మీద నిలబడితే ఇవతలి ఒడ్డున 1920లో తెరిచిన హైకోర్టు, అవతల ఉస్మానియా ఆసుపత్రి, రెండింటి కట్టడంలోనూ ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ చెయ్యి ఉంది. మూసీ వాసనకి ముక్కు మూసుకోవాల్సి వచ్చినా పావుగంట కదల్లేదు.

మొత్తం కిలోమీటరు పైచిలుకు దారి, దీనికి గైడ్ అక్కర్లేదు. ఆదివారం ఏడింటికల్లా వెళ్లండి, మంచి చెప్పులు వేసుకోండి, కమాన్ల కింద నుంచే కాకుండా రోడ్డు దాటి ఎదురుగా నిలబడి కూడా చూడండి. దారికి ఐదుకి ఐదు, వాక్‌కి రెండు, అది కూడా చాయ్ వల్ల.

రివ్యూ రాస్తే వచ్చేసారి పది శాతం తగ్గిస్తామని సాయంత్రం మెసేజ్ పెట్టారు. ఇదిగో, రాశాను.