‘ఇంట్లోనే మాయిశ్చరైజర్’ కిట్లు కొంటున్నారా? సీసా వెనక్కి తిప్పి చూడండి

బాదం నూనె, కలబంద జెల్, తేనెమైనం ఒకే పెట్టెలో పెట్టి "మీ మాయిశ్చరైజర్ మీరే చేసుకోండి, కెమికల్స్ లేవు" అంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్న కిట్లు కొనాలనుకుంటున్నవాళ్లు కాస్త ఆగండి. అలాంటిదొకటి 1,299 రూపాయలు పెట్టి తెప్పించాను. ముఖానికి ఒక క్రీము, జుట్టుకు ఒకటి చేసుకోవచ్చన్నారు. పెట్టెలో వచ్చినవాటిలో నమ్మదగినది చెక్క గరిటె ఒక్కటే.

ముందు బాదం నూనె సంగతి. సీసా ముందువైపు "కోల్డ్ ప్రెస్డ్, 100 శాతం స్వచ్ఛం" అని బంగారు రంగు అక్షరాలు. వెనక వాడే విధానం రాసిన తెల్ల స్టిక్కర్. దాని అంచు కొంచెం లేచి ఉంటే గోటితో లాగాను. కింద అసలు లేబుల్ ఉంది! మొదటి పేరు లైట్ లిక్విడ్ పారాఫిన్, తర్వాత ఏదో వెజిటబుల్ ఆయిల్, ఆ తర్వాత బాదం నూనె, చివర్లో పెర్‌ఫ్యూమ్. మన దేశంలో కాస్మెటిక్స్ లేబుల్ మీద ఒక శాతం కంటే ఎక్కువున్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. అంటే ఆ సీసాలో అన్నిటికంటే ఎక్కువున్నది పెట్రోలియం నుంచి తీసిన మినరల్ ఆయిల్. అది విషమని నేననను. శుద్ధి చేసినది బేబీ ఆయిల్‌లోనూ వాడతారు, చర్మంలో తేమ పోకుండా బాగానే ఆపుతుంది. కానీ దాన్ని బాదం ధరకు, అదీ "కెమికల్స్ లేవు" అని చెప్పి అమ్మితే మోసం కాక ఏమిటి? అన్నట్టు, గుప్పుమనే వాసన చూసి మురిసిపోకండి. తియ్య బాదం నూనెకు వాసన దాదాపు ఉండదు. మూత తీయగానే బాదం పాలు గుర్తొస్తే అది సెంటే.

జెల్ ఇంకా దారుణం. చిలకపచ్చ రంగు. కలబంద మట్ట కోసిన ఎవరికైనా తెలుసు, పచ్చగా ఉండేది పైతోలే, లోపలి గుజ్జుకు రంగుండదు. డబ్బా మీద పదార్థాల జాబితా లేదు. "ప్రిజర్వేటివ్స్ లేవు" అని ఒక పక్క, "బయటే ఉంచండి, రెండేళ్లు నిల్వ" అని ఇంకో పక్క. నీళ్లున్న జెల్ విషయంలో ఈ రెండూ ఒకేసారి నిజం కాలేవు. అడిగితే, విటమిన్ ఇ కలిపాం కాబట్టి పాడవదన్నారు. విటమిన్ ఇ నూనెకు కంపు పట్టకుండా కొంతకాలం కాపాడుతుందేమో గానీ బూజును, బ్యాక్టీరియాను ఆపదు.

మైనం ముక్కలు తెల్లగా, ఏ వాసనా లేకుండా కొవ్వొత్తి మైనంలా ఉన్నాయి. శుద్ధి చేసిన తేనెమైనం కూడా తెల్లగానే ఉంటుంది కాబట్టి దాని జోలికి పోను.

ఆ కిట్‌తో చేసిన క్రీము రాసుకుని పడుకున్న మా చెల్లికి తెల్లారేసరికి బుగ్గలు కందిపోయి మంట, దురద. సెంటు పడకపోయి ఉండొచ్చని స్కిన్ డాక్టర్ అన్నారు. అమ్మినావిడకు ఫొటోలు పంపితే వచ్చిన జవాబు: "అది మంచిదే అక్కా, లోపలి టాక్సిన్స్ బయటికొస్తున్నాయి, ఆపకుండా వారం వాడండి." ఈ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. మంట పుడితే వెంటనే కడిగేసి ఆపేయాలి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి. డబ్బు అడిగితే "తెరిచిన వస్తువు వాపసు తీసుకోం" అని చెప్పి నన్ను బ్లాక్ చేశారు.

ఫ్రిజ్‌లో పెడితే కల్తీ తెలిసిపోతుందని చాలామంది అంటారు. బాదం నూనెకు ఆ పరీక్ష పనికిరాదు, అసలైనది కూడా ఫ్రిజ్‌లో గడ్డకట్టదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది నిజమే, కానీ పామ్ కెర్నల్ ఆయిల్ కలిపినా గడ్డకడుతుంది. అందుకే నేను లేబుల్‌నే పట్టుకుంటాను. 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం అమ్మడానికి క్రీములు తయారుచేయాలంటే లైసెన్సు ఉండాలి. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, ఎప్పటిలోగా వాడాలన్నది లేబుల్ మీద కనిపించాలి. లైసెన్సు అడిగితే నాకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు పంపారు. అది తినే వస్తువులకు ఇచ్చేది!

ఇంట్లో చేసుకోవాలనే ఉంటే కిట్ అక్కర్లేదు. కళ్లముందే ఆడించి ఇచ్చే గానుగలో కొబ్బరినూనో నువ్వులనూనో తెచ్చుకుని, నాలుగు వంతుల నూనెకు ఒక వంతు తేనెమైనం వేసి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగిస్తే పాదాలకు, మోచేతులకు సరిపోయే బామ్ వస్తుంది. నీళ్లు లేవు కాబట్టి ప్రిజర్వేటివ్ అవసరం రాదు, తడి చేయి మాత్రం పెట్టకూడదు. కలబందైతే మట్ట కోసి, పసుపు జిగురంతా కారిపోయేదాకా నిలబెట్టి, కడిగి గుజ్జు తీయండి. ఆ జిగురు కొందరికి దురద పెడుతుంది. జుట్టుకైనా ముఖానికైనా ఆ రోజుకు కావలసినంతే. ఏదైనా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి, ఒక రోజు ఆగి చూడండి.

కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను, డబ్బు ఇంకా రాలేదు. పేమెంట్ రసీదు, చాట్, రెండు లేబుళ్ల ఫొటోలు చేతిలో ఉండబట్టే ఫిర్యాదు ఇవ్వగలిగాను. మీకూ ఇలాగే జరిగితే గొడవ పడకముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, బ్లాక్ చేశాక ఆ పేజీ కనిపించదు.