తంబురా యాప్‌లో కొనుగోళ్లు: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

సంగీత సాధనకు తంబురా నాదం వినిపించే యాప్ ఒకటి నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను, నా దగ్గర నేర్చుకునే పిల్లల చేత కూడా వాడిస్తున్నాను. నాదం విషయంలో దానికి వంక పెట్టడానికి లేదు. ఒకటిన్నర శ్రుతిలో పాడేవారికైనా, ఐదున్నరలో పాడేవారికైనా తీగ మీటు ఒకే తీరుగా పలుకుతుంది, గంటసేపు నడిపినా శ్రుతి కదలదు. ఆ సంగతి ఇదివరకే చాలామంది రాశారు. ఎవరూ వివరంగా రాయనిదీ, తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగేదీ యాప్ లోపలి కొనుగోళ్ల వ్యవహారం. డబ్బు కట్టిన తర్వాత ఎక్కడ ఏం ఆగిపోతుందో, ఎవరిని అడగాలో, ఏం చేయకూడదో ఇన్నేళ్లలో తెలుసుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను. మాలో దాదాపు అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి ఇందులో చెప్పేవి గూగుల్ ప్లే ద్వారా కొనే ఇతర యాప్‌లకు కూడా చాలావరకు వర్తిస్తాయి.

ఈ యాప్‌ను ఉచితంగా దించుకుంటే పంచమ శ్రుతి (స, ప పలికేది) మాత్రమే వస్తుంది. మధ్యమ శ్రుతి (ప బదులు మ పలికేది), శ్రుతిని వెంట్రుకవాసి పైకీ కిందికీ జరుపుకునే సవరణ కావాలంటే ఒకసారి డబ్బు కట్టాలి, అది శాశ్వతం. తాళాలు, మృదంగం సహకారం కావాలంటే నెలకో ఏడాదికో చందా కట్టాలి. ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం వల్లనే సగం ఫిర్యాదులు పుడుతున్నాయి. ఒకసారి కొన్నది మీ గూగుల్ ఖాతాకు అతుక్కుని ఉంటుంది, ఫోన్ మారినా తిరిగి వస్తుంది. చందా కట్టినన్నాళ్లే ఉంటుంది. ఆటల్లో కొనే నాణేల వంటివి మూడో రకం, వాటిని ఖర్చు చేసిన తర్వాత ప్లే స్టోర్ తిరిగి ఇవ్వదు. అదృష్టవశాత్తూ ఈ యాప్‌లో ఆ మూడో రకం లేదు.

ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఒకటే. "టీచర్ గారూ, ఖాతాలో డబ్బు కట్ అయింది, మధ్యమ శ్రుతి మీద తాళంకప్ప బొమ్మ మాత్రం పోలేదు, మళ్లీ కట్టమంటారా?" అని ఒక తల్లి రాత్రి పూట సందేశం పంపారు. మళ్లీ కట్టవద్దనే నేను అందరికీ మొదట చెబుతాను. ఆ డబ్బు బ్యాంకు, ప్లే స్టోర్, యాప్ అనే మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట నమోదై ఉంటుంది, ఏ చోటికి చేరి ఆగిందో తేల్చుకుంటే దారి దానంతటదే తెలుస్తుంది. ముందుగా ప్లే స్టోర్‌తో ముడిపడిన ఈమెయిల్ చూడాలి. జీపీఏ అనే అక్షరాలతో మొదలై, మధ్యమధ్య అడ్డగీతలతో సాగే పొడవైన ఆర్డర్ నంబరుతో రసీదు వచ్చిందంటే డబ్బు ప్లే స్టోర్‌కు అందినట్లే. ఈమెయిల్ కనిపించకపోతే ప్లే స్టోర్‌లో మన బొమ్మ మీద నొక్కి, పేమెంట్ల విభాగంలోని కొనుగోళ్ల చరిత్రలో చూడవచ్చు. అక్కడ ఆర్డర్ ఉండి, యాప్‌లో తాళంకప్ప తెరుచుకోలేదంటే చిక్కు ప్లే స్టోర్‌కూ యాప్‌కూ మధ్యనే ఉంది, బ్యాంకుకు ఫోన్ చేసి ప్రయోజనం లేదు.

ఆ తల్లి విషయంలో ఆర్డర్ పక్కన పెండింగ్ అని ఉంది. యూపీఐలో కట్టినప్పుడు బ్యాంకు నుంచి ఖాయపరిచే సమాచారం ఆలస్యమైతే ఇలా జరుగుతుంది. చెల్లింపు పూర్తయిందన్న కబురు వచ్చేదాకా సరుకు తెరవకూడదని గూగుల్ యాప్ తయారీదారులకు నియమం పెట్టింది, కాబట్టి యాప్ ఆగడం సబబే. ఆమె పడుకుని లేచేసరికి తాళంకప్ప బొమ్మ పోయింది. ఈ యాప్ మీద నా అభ్యంతరం ఒక్కటి, పెండింగ్‌లో ఉందన్న మాట అది తెర మీద చెప్పదు. ఏమీ జరగనట్లు కొనుగోలు బొత్తాన్నే మళ్లీ చూపిస్తుంది. ఒక్క వాక్యం అక్కడ రాసి ఉంటే ఆ రాత్రి ఆమె అంత కంగారు పడవలసిన అవసరం ఉండేది కాదు.

ఖాతాలో డబ్బు తగ్గి, ప్లే స్టోర్ చరిత్రలో ఆర్డర్ ఆనవాలే లేకపోతే అప్పుడది బ్యాంకుల దారిలో చిక్కుకున్న సొమ్ము. ఇక్కడ మనకు రిజర్వు బ్యాంకు రక్షణ ఉంది. 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, యూపీఐ ద్వారా వ్యాపారికి కట్టిన డబ్బు మన ఖాతాలో తగ్గి వ్యాపారికి ఖాయం కాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా అది దానంతటదే తిరిగి రావాలి, ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఫిర్యాదుకు కావలసింది యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ కింద కనిపించే 12 అంకెల సంఖ్య. ఆర్డర్ నంబరు ప్లే స్టోర్‌కూ, ఈ 12 అంకెల సంఖ్య బ్యాంకుకూ పనికొస్తాయి. ఒకరి నంబరు మరొకరికి ఇచ్చి రోజుల తరబడి తిరిగినవారిని చూశాను.

నన్ను బాగా ఇబ్బంది పెట్టిన సంఘటన మరొకటి ఉంది, దాని కారణం తెలుసుకోవడానికి చాలా సమయం పట్టింది. ఒకానొక అప్‌డేట్ తర్వాత కొత్తగా కొన్నవారందరికీ మధ్యమ శ్రుతి వెంటనే తెరుచుకునేది, మూడు రోజులు చక్కగా పనిచేసేది, ఆ తర్వాత చెప్పాపెట్టకుండా మూసుకుపోయి డబ్బు వెనక్కి వచ్చేది. డబ్బు వచ్చింది కదా అని కొందరు ఊరుకున్నారు, యాప్ మోసం చేసిందని కొందరు ఒక నక్షత్రం ఇచ్చారు. అసలు కారణం ఇది: ప్లే స్టోర్‌లో ఎవరైనా కొన్నప్పుడు, సరుకు ఇచ్చేశామని యాప్ తిరిగి ప్లే స్టోర్‌కు 3 రోజుల్లోగా తెలియజేయాలి. అలా తెలియజేయకపోతే కొనుగోలుదారుకు సరుకు అందలేదని భావించి గూగుల్ డబ్బు వాపసు చేసి కొనుగోలును రద్దు చేస్తుంది. ఆ అప్‌డేట్‌లో ఈ తెలియజేసే మెట్టు పనిచేయలేదు. నేను తేదీలు, ఆర్డర్ నంబర్లు జతచేసి తయారీదారులకు రాశాను. వారు తప్పు ఒప్పుకుని సరిదిద్దారు, అప్పటి నుంచి అది మళ్లీ రాలేదు. కొన్న మూడు రోజులకు డబ్బు తిరిగి వచ్చిందంటే, అది ఏ యాప్ అయినా ముందుగా అనుమానించవలసింది దీన్నే.

ఫోన్ మార్చినప్పుడు వచ్చే సమస్య వేరు. కొత్త ఫోన్‌లో యాప్ దించుకోగానే అన్నీ మూసి ఉంటాయి. సెట్టింగ్స్‌లో కొనుగోళ్లు పునరుద్ధరించు అన్న వరుస ఉంది, దాన్ని నొక్కితే యాప్ ప్లే స్టోర్‌ను అడిగి పాతవన్నీ తెరుస్తుంది. ఈ యాప్‌లో అది క్షణాల్లో జరుగుతుంది, అందుకు మెచ్చుకోవాలి. తెరుచుకోకపోతే తొంభై పాళ్లు కారణం ఖాతానే. ఈ రోజుల్లో ఒక్కో ఫోన్‌లో సొంత ఖాతా, ఆఫీసు ఖాతా, ఆన్‌లైన్ చదువుల కోసం బడివారు ఇచ్చిన ఖాతా కలిసి ఉంటున్నాయి. కొన్నది నాన్నగారి ఖాతాలో, యాప్ దించుకున్నది బడి ఖాతాలో అయితే ప్లే స్టోర్‌కు ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులే. ప్లే స్టోర్‌లో కొన్న ఖాతాకు మారి, యాప్‌ను తీసివేసి, ఆ ఖాతా నుంచే మళ్లీ దించుకుంటే చాలాసార్లు సరిపోతుంది. ఇలా చేసేముందు యాప్‌లో రికార్డు చేసుకున్న సాధన పాఠాలను బయటికి పంపి దాచుకోవాలి. యాప్ తీసివేసినా, సెట్టింగ్స్‌లో యాప్ డేటా చెరిపినా అవి పోతాయి. కొనుగోలు గూగుల్ దగ్గర భద్రంగా ఉంటుంది, మీ పిల్ల పాడిన వర్ణం అక్కడ ఉండదు. ప్లే స్టోర్ కాష్ (cache, అది తాత్కాలికంగా దాచుకునే సమాచారం) చెరపడం వల్ల మాత్రం నష్టమేమీ లేదు, ఆ పని ముందే చేయవచ్చు.

సరైన ఖాతాలోనే ఉన్నామా అన్న అనుమానం వచ్చినప్పుడు ఒక గుర్తు ఉంది. కొనుగోలు బొత్తాం నొక్కితే ఇది ఇప్పటికే మీ దగ్గర ఉందన్న సందేశం వస్తే సంతోషించాలి, ఖాతా సరైనదే, ప్లే స్టోర్ లెక్కలో మీరు కొన్నట్లే ఉంది, యాప్‌ను పూర్తిగా మూసి తెరిస్తే సాధారణంగా సర్దుకుంటుంది. అలా కాక ధర చూపించి డబ్బు అడిగితే అక్కడే ఆగి ఖాతా సరిచూసుకోవాలి. అన్నదమ్ములిద్దరూ నేర్చుకుంటున్న ఇంట్లో ఒకరు కొన్నది మరొకరికి రాదని కూడా చెప్పాలి, కుటుంబంలో కొనుగోళ్లు పంచుకోవడానికి గూగుల్ పెట్టిన ఫ్యామిలీ లైబ్రరీ కూడా యాప్ లోపలి కొనుగోళ్లను పంచదు. ఆండ్రాయిడ్‌లో కొన్నది ఐఫోన్‌కు కూడా రాదు, యాప్‌కు సొంత లాగిన్ ఉండి తయారీదారులే కలిపితే తప్ప. ఈ యాప్‌కు అలాంటి లాగిన్ లేదు, ఐఫోన్‌కు మారబోయేవారు అది తెలుసుకుని కొనాలి.

చందాల విషయంలో చెప్పవలసింది చాలా ఉంది. రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి అమలు చేసిన నిబంధనల వల్ల ప్రతి నెలా కట్ అయ్యే మొత్తం గురించి కనీసం 24 గంటల ముందు మనకు సమాచారం రావాలి. మళ్లీ ఓటీపీ అడగకుండా కట్ చేయగల పరిమితి మొదట 5,000 రూపాయలు, 2022 జూన్‌లో దాన్ని 15,000కు పెంచారు. 2022 నవంబరులో గూగుల్ ప్లే చందాలకు యూపీఐ ఆటోపే (గడువుకు డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) కూడా తెచ్చింది. ఇవి మనకు మేలు చేసేవే, కాని ఆపే దగ్గర జనం తికమక పడుతున్నారు. యాప్‌ను ఫోన్‌లోంచి తీసివేస్తే చందా ఆగదు, డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. వేసవి సెలవుల్లో ఊరికి వెళ్తూ యాప్ తీసేసిన కుటుంబాలు జూన్‌లో వచ్చి ఇదేమిటని అడిగాయి. ప్లే స్టోర్‌లోని సబ్‌స్క్రిప్షన్ల పట్టికలోకి వెళ్లి రద్దు చేస్తేనే ఆగుతుంది, రద్దు చేశాక కూడా కట్టిన గడువు ముగిసేదాకా మృదంగం మోగుతూనే ఉంటుంది. కొందరు ప్లే స్టోర్‌ను వదిలి యూపీఐ యాప్‌లో మాండేట్ (అలా కట్ చేసుకోవడానికి మనం ఇచ్చిన అనుమతి) మాత్రమే తీసేస్తారు. అప్పుడు ప్లే స్టోర్ లెక్కలో చందా బతికే ఉంటుంది, డబ్బు రాలేదని హెచ్చరికలు వస్తాయి, చివరికి సేవ నిలిచిపోతుంది. ముందు ప్లే స్టోర్‌లో రద్దు చేసి, తర్వాత మాండేట్ పోయిందో లేదో చూసుకోవడం మంచి పద్ధతి.

డబ్బు వాపసు కావాలంటే కొన్న 48 గంటల్లోగా గూగుల్‌ను అడగడం తేలిక, ఆ తర్వాత తయారీదారులనే అడగాలి. ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటి ఉంది. కస్టమర్ కేర్ నంబరు కోసం నెట్‌లో వెతకవద్దు. అలా దొరికిన నంబర్లలో దొంగలవి ఉంటాయి, వాపసు పంపుతామంటూ యూపీఐ పిన్ నొక్కించి ఖాతా ఖాళీ చేస్తారు. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. అలా జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ప్లే స్టోర్‌లో యాప్ పేజీ కిందనే తయారీదారుల ఈమెయిల్ ఉంటుంది, దానికి రాయడమే దారి. ఈ యాప్ వారు ఆర్డర్ నంబరుతో రాస్తే ఒకటి రెండు రోజుల్లో జవాబిస్తారు, నంబరు లేకుండా రాస్తే ముందు అదే అడుగుతారు.

అమెరికా నుంచి ఆన్‌లైన్‌లో నేర్చుకునే పిల్లలకు ధర డాలర్లలో కనిపిస్తుంది. ఇక్కడి నుంచి కొత్తగా వెళ్లినవారు ప్లే స్టోర్‌లో దేశం మార్చుకోవచ్చు కాని, ఏడాదికి ఒక్కసారే ఆ వీలుంటుంది, కాబట్టి కొద్దిరోజులకు వెళ్లేవారు మార్చకపోవడమే నయం.

మొత్తం మీద శాశ్వత కొనుగోలు పెట్టిన డబ్బుకు నూటికి నూరుపాళ్లు తగినది, నా దగ్గర చేరే పిల్లలందరికీ అదే కొనమంటున్నాను. చందా మాత్రం తాళంతో సాధన చేసే స్థాయికి, అంటే అలంకారాలు పూర్తయి గీతాలలోకి వచ్చినవారికే. అంతకుముందు అది కట్టించడం అనవసరం. తయారీదారులను నేను కోరేవి రెండే: పెండింగ్ చెల్లింపును తెర మీద చెప్పండి, పునరుద్ధరణ ఫలించనప్పుడు ఖాతా సరిచూసుకోమని అక్కడే తెలుగులో రాయండి.